గీత చీలితే తప్పు చేతిదా, కుంచెదా? ఒక సూక్ష్మచిత్రకారిణి కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్‌లో సూక్ష్మచిత్రకళ నేర్పుతూ, తోటి చిత్రకారులకు కాగితం, రంగులు, కుంచెల ఎంపికలో సలహా చెప్పడం చాలా ఏళ్లుగా నా పని. ఈ కేసును రాసిపెట్టడానికి ముఖ్య కారణం, ఇందులో నేను ఇచ్చిన మొదటి సలహా తప్పు కావడమే. ఆ తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటూ పోతే, సన్నని కుంచెల నాణ్యత గురించి నేను విద్యార్థులకు నోటితో చెబుతూ వచ్చిన మాటల్లో కొన్నింటిని చేతితో ఎన్నడూ సరిచూడలేదని తేలింది. చిత్రకారిణి అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టగల వివరాలను, దుకాణాల పేర్లను, కొన్న కుంచెల బ్రాండ్లను తీసివేశాను.

ఆమెకు నలభై ఏళ్లు దాటాయి. పదిహేనేళ్లకు పైగా దక్కనీ శైలిలో పోస్టుకార్డు కొలత చిత్రాలు వేస్తున్నారు. పలుచని కాగితాలను పిండి జిగురుతో పొరలు పొరలుగా అతికించి, హకీకు రాయితో నున్నగా రుద్దిన వస్లీ కాగితం మీద, గువాష్ అనే చిక్కని నీటి రంగులతో పని చేస్తారు. సాలార్‌జంగ్ మ్యూజియంలోనో, జగదీశ్ అండ్ కమలా మిత్తల్ మ్యూజియంలోనో దక్కనీ చిత్రాల ముందు నిలబడి చూసినవారికి ఈ పని ఎంత సున్నితమైనదో వివరించనక్కరలేదు. మల్మల్ జామా (పలుచని నూలు అంగీ) గుండా లోపలి వస్త్రపు రంగు కనిపించాలి, గడ్డంలోని వెంట్రుకలు విడివిడిగా లేస్తూనే ఒక ముద్దగా ఉండాలి, ముత్యాల సరంలో ప్రతి ముత్యమూ ఒకే పరిమాణంలో కొద్దిగా ఉబ్బి నిలవాలి. వీటిలో ఏదీ చేతి నేర్పు ఒక్కదానితో అయ్యే పని కాదు. కుంచె సహకరించకపోతే ఎంత నేర్పున్నా లాభం లేదు.

ఆమె నా దగ్గరకు వచ్చేనాటికి తొమ్మిది చిత్రాల వరుస ఒకటి ఒప్పుకొని, మూడో చిత్రం మధ్యలో ఆగిపోయి ఉన్నారు.

సమస్య

ఆమె చెప్పిన లక్షణాలు మూడు. గీత మొదలైన చోట రంగు బొట్టులా చిక్కగా దిగుతోంది. కొంత దూరం సాగాక అదే గీత రెండుగా చీలి, మధ్యలో సన్నని తెల్ల సందు కనిపిస్తోంది. గడ్డం, కనుబొమల దగ్గర గీత చివర సన్నబడకుండా మొద్దుగా ఆగుతోంది. “చెయ్యి వణుకుతోందేమో సార్, వయసు మీద పడుతోంది కదా” అన్నారు. అప్పటికే కళ్ల డాక్టరుకు చూపించుకుని కొత్త అద్దాలు పెట్టుకున్నారు. ఫలితం కనిపించలేదు. రంగులో నీళ్లు పెంచితే గీత వెలిసిపోయింది. నంబరు తగ్గేకొద్దీ, ఆపైన సున్నాలు పెరిగేకొద్దీ కుంచె సన్నబడుతుంది కనుక ఒక నంబరు తక్కువ కుంచె, ఆ తర్వాత ఇంకా తక్కువ నంబరు కుంచె కొంటూ పోయారు. స్టీలు డబ్బాలో తెచ్చిన పద్నాలుగు కుంచెలను నా బల్ల మీద పరిచి, వీటిలో ఒక్కటీ పనికి రాదని చెప్పారు.

మొదటి నిర్ణయం: చేతినా, కుంచెనా, ముందు దేన్ని అనుమానించాలి?

ఇది తేల్చకుండా కుంచెల జోలికి వెళ్లకూడదని అనుకున్నాను. చేయి నిజంగా వణుకుతూ ఉంటే ఎంత మంచి కుంచె కొనిపించినా ఆమె డబ్బు వృథా అవుతుంది, పైగా ఆత్మవిశ్వాసం ఇంకా దెబ్బతింటుంది. ఆగిపోయిన చిత్రాన్ని కంసాలులు వాడే పదింతల భూతద్దం కింద పెట్టి చూశాను. చేయి వణికితే గీత అలలా కదులుతుంది, అయితే దాని రెండు అంచులూ కలిసే కదులుతాయి, వెడల్పు పెద్దగా మారదు. కుంచె చీలితే గీత తిన్నగానే సాగుతుంది కానీ రైలు పట్టాల్లా రెండు గీతలవుతుంది. రంగు అందకపోతే అంచులు చిరిగినట్లు గరుకుగా మారి గీత తేలిపోతుంది. ఆమె గీతల్లో తర్వాతి రెండు లక్షణాలూ ఉన్నాయి, మొదటిది లేదు. ఇంకా రూఢి చేసుకోవడానికి అదే వస్లీ ముక్క మీద గట్టి పెన్సిల్‌తో, ఆ తర్వాత ఇంకు పాళీతో పది పది గీతలు గీయించాను. అన్నీ నిష్కళంకంగా వచ్చాయి. తన చేతిలో దోషం లేదని తెలిశాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నాలుగు నెలలుగా ఆమె తనను తానే తప్పుపట్టుకుంటూ వచ్చారన్న సంగతి నాకు అప్పుడు అర్థమైంది.

ఇక కుంచెల వంతు వచ్చింది. పద్నాలుగింటిలో ఏడు నైలాన్‌వి, సున్నా, రెండు సున్నాలు, మూడు సున్నాల నంబర్లతో సెట్‌గా వచ్చినవి. మూడు జైపూర్ నుంచి తెచ్చుకున్న ఉడుత వెంట్రుక కుంచెలు. రెండు మేక వెంట్రుకవి, నేపథ్యం పూయడానికి వాడేవి. ఒకదాని మీద “నేచురల్ హెయిర్” అని తప్ప మరే వివరమూ లేదు. చివరిది పిడి రంగంతా ఊడిపోయి, నంబరు చెరిగిపోయిన పాత కుంచె. గతంలో తన మంచి పనంతా దానితోనే చేశానని, అది “జీరో నంబరు” అని ఆమె చెప్పారు. మొన అరిగిపోయి ఉండటంతో నేను దాన్ని పక్కకు నెట్టేశాను. అలా నెట్టడం ఎంత పొరపాటో నెల తర్వాత తెలిసింది.

నైలాన్ కుంచెల లోపం కంటికే కనిపించింది. కొసలు అన్నీ ఒకే వైపు గాలంలా వంగి ఉన్నాయి. రంగు కలపడానికి కూడా ఆమె అవే కుంచెలు వాడుతున్నారు, కాబట్టి పళ్లేనికి రాసుకుని రాసుకుని కొసలు మడతపడ్డాయి. నైలాన్ పోగుకు ఒకసారి వంపు వస్తే అది తనంతట తాను పోదు. వేడి నీళ్లలో కాసేపు ముంచితే పోగు మెత్తబడి తిన్నగా వస్తుందని తెలుసు కనుక అది చేసి చూశాం. ఒక రోజు బాగున్నాయి, రెండో రోజు మధ్యాహ్నానికి మళ్లీ గాలాలే. పోగులను పట్టి ఉంచే లోహపు గొట్టంలోని జిగురు కరిగిపోయే ప్రమాదం కూడా ఉంది కాబట్టి ఆ ప్రయత్నం మళ్లీ చేయవద్దన్నాను.

జైపూర్ కుంచెల విషయంలో కొంచెం ఆగి ఆలోచించవలసి వచ్చింది. వాటి మొనలూ వంగే ఉన్నాయి. అయితే ఆ వంపు వేరు. రాజస్థానీ సూక్ష్మచిత్రకారులు వాడే ఉడుత వెంట్రుక కుంచె మొన కొద్దిగా వంపు తిరిగి ఉండటం మామూలే, దాన్ని వాళ్లు లోపంగా చూడరు. వెంట్రుకలన్నీ ఒక ముద్దగా, ఒకే దిశలో వంగి, చివర ఒక్క మొనగా ముగిస్తే అది పనికొచ్చే వంపు. పోగులు విడివిడిగా, ఎక్కడికక్కడ విరిగినట్లు మడతపడితే అది చెడిన కుంచె. ఈ మూడూ మొదటి రకానివే. వాటిలో రెండింటిని తడిపి చూస్తే మొన చక్కగా వచ్చింది. ఉడుత వెంట్రుక నీటిని బాగా పట్టుకుంటుంది, కానీ ఒత్తి వదిలితే తిరిగి నిలబడే బిగువు దానికి తక్కువ. కుంచెను నిలువుగా పట్టి, చేతిని గాలిలో తేల్చి పని చేసేవారికి అది ఇబ్బంది కాదు. ఈమెకు మాత్రం మణికట్టు కాగితం మీద ఆన్చి, కుంచెను కొద్దిగా నొక్కి గీసే అలవాటు ఉంది. పదిహేనేళ్ల అలవాటును ఒక కుంచె కోసం మార్చుకోమనడం సరికాదనిపించింది. ఇక్కడ కుంచె మంచిదే, ఆమెకు మాత్రం తగినది కాదు. ఈ రెండు మాటలనూ కలిపేస్తే మంచి కుంచెను చెడ్డదని పారేస్తాం.

పేరు లేని “నేచురల్ హెయిర్” కుంచె గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. భూతద్దం కింద దాని వెంట్రుకలు ముదురు, లేత పట్టీలు పట్టీలుగా, కొస నల్లగా, బిరుసుగా కనిపించాయి. ముంగిస వెంట్రుక అలాగే ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముంగిస వెంట్రుకతో కుంచెలు చేయడం, అమ్మడం నేరం. 2019లో వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో “ఆపరేషన్ క్లీన్ ఆర్ట్” పేరుతో ఈ వ్యాపారం మీద పలు రాష్ట్రాల్లో దాడులు చేసింది కూడా. చూపుతో మాత్రమే ఖాయంగా చెప్పలేం, కానీ ఆ అనుమానం చాలు. ఆ కుంచెను పరీక్షలోకి తీసుకోలేదు. ఏ జంతువు వెంట్రుకో రాయని కుంచెను ఇకపై కొనవద్దని చెప్పాను. పేర్లను నమ్మలేమనడానికి ఇంకో ఉదాహరణ కూడా ఉంది. బజారులో “కామెల్ హెయిర్” అని అమ్మే కుంచెల్లో ఒంటె వెంట్రుక ఉండదు, ఉడుత, మేక, గుర్రం వంటివే ఉంటాయి.

విఫలమైన నా సలహా

అప్పటికి నా వాదన ఇలా సాగింది. ఆమెకు కావలసింది అతి సన్నని గీత. అతి సన్నని గీతకు అతి సన్నని మొన కావాలి, దానికి బిగువు ఉండాలి. బిగువు, మొన రెండూ ఉన్న వెంట్రుక కొలిన్‌స్కీ, అంటే సైబీరియా ప్రాంతపు వీజిల్ అనే చిన్న జంతువు తోక వెంట్రుక. కాబట్టి మంచి పేరున్న తయారీదారు చేసిన కొలిన్‌స్కీ కుంచె, మూడు సున్నాలది, ఒకటి కొనమన్నాను. ఆమె కొన్నారు. ఆ ఒక్క కుంచె ధరకు పాత నైలాన్ సెట్లు కొన్ని వచ్చేవి.

వారం తర్వాత ఫోన్ చేసి, గీత చీలడం తగ్గింది కానీ బొట్టు ఇంకా ఎక్కువైందని చెప్పారు. వెళ్లి చూశాను. మే నెల, పైన ఫ్యాను తిరుగుతోంది. కుంచె మొనను భూతద్దం కింద చూస్తే వంక పెట్టడానికి లేదు. గీయిస్తే రెండు సెంటీమీటర్లు చక్కగా సాగి, ఆ తర్వాత ఎండిపోయింది. మళ్లీ రంగులో ముంచాలి, ముంచిన ప్రతిసారీ గీత తొలి అడుగులో రంగు కాస్త ఎక్కువ దిగుతుంది. ఒక జామా అంచును పూర్తి చేయడానికి ఆమె పదిసార్లకు పైగా ముంచారు. అన్ని మొదళ్లు, అన్ని బొట్లు. మొనలో ఏ దోషమూ లేని కుంచె చిత్రాన్ని పాడుచేస్తోంది.

నేను మొన గురించి ఆలోచించాను తప్ప, ఆ మొనకు రంగు ఎక్కడి నుంచి రావాలో ఆలోచించలేదు. మూడు సున్నాల కుంచెలో వెంట్రుకలు కొద్ది, అవి పట్టుకునే నీరు చుక్కలో కొంత భాగం. అంత కొద్ది నీటికి చుట్టూ గాలి తగిలే వైశాల్యం మాత్రం ఎక్కువ, అందువల్ల వేసవిలో కాగితాన్ని చేరేలోపే అది ఆరడం మొదలవుతుంది. గువాష్‌లో రంగుపొడి పాలు ఎక్కువ కనుక నీరు కాస్త తగ్గినా కదలనంటుంది. సూక్ష్మచిత్రాల్లో “ఒకే వెంట్రుక కుంచె” అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఒక్క వెంట్రుకతో కట్టిన కుంచె రంగును మోయనే మోయలేదు. కుచ్చులో చాలా వెంట్రుకలు ఉండి, చివర ఒక్క వెంట్రుక మాత్రమే ముందుకు నిలవడమే ఆ మాటకు అసలు అర్థం. ఈ సంగతి నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పి ఉంటాను. సలహా చెప్పే సమయానికి మాత్రం అది గుర్తుకు రాలేదు.

పాత కుంచె చెప్పిన సంగతి

తిరిగి వచ్చి ఆ పద్నాలుగు కుంచెల డబ్బాను మళ్లీ తెరిచాను. ఈసారి పక్కకు నెట్టిన పాత కుంచెతోనే మొదలుపెట్టాను. ఆమె మంచి పనంతా చేసింది దానితోనే అయినప్పుడు, కొత్త కుంచెల లోపాలు లెక్కపెట్టడం కన్నా ఆ పాతదానిలో ఏముండేదో తెలుసుకోవడమే దగ్గరి దారి. ఇది నాకు మొదటి రోజే తట్టవలసింది.

దాని ఫెర్రూల్‌ను, అంటే వెంట్రుకలను పట్టి ఉంచే లోహపు గొట్టాన్ని, కాలిపర్‌తో కొలిచి, నా దగ్గరున్న అదే తయారీదారు కుంచెలతో సరిపోల్చాను. అది సున్నాతో సరిపోలేదు. ఒకటో నంబరుతోనూ సరిపోలేదు. రెండో నంబరుతో సరిగ్గా సరిపోయింది. అంత సన్నగా గీస్తోంది కనుక అది జీరో నంబరే అయి ఉండాలని ఆమె అనుకున్నారు, ఆమె మాట నేను నమ్మాను. కొత్త కుంచెలన్నీ ఆ తప్పు నంబరు ఆధారంగానే, ఇంకా ఇంకా తక్కువవి కొంటూ వచ్చారు. పైగా ఈ నంబర్లకు అందరికీ ఒకే కొలత అంటూ లేదు, ఒకరి సున్నా మరొకరి ఒకటికి సమానం కావచ్చు. విన్సర్ అండ్ న్యూటన్ సంస్థ 1866లో విక్టోరియా రాణి కోసం చేసిన కుంచెల వరుసకు సిరీస్ 7 అనే పేరు ఆమె ఇష్టపడిన ఏడో నంబరు నుంచే వచ్చింది. ఏడో నంబరు చిన్న కుంచె కాదు.

పాత కుంచెను శుభ్రం చేసి భూతద్దం కింద పెడితే, అరిగిన కొసల మధ్య ఇంకా నాలుగైదు వెంట్రుకలు సహజమైన కొసతో, చివర సూదిలా సన్నబడి కనిపించాయి. కొలిన్‌స్కీ వెంట్రుక మధ్యలో లావుగా ఉండి రెండు వైపులా సన్నబడుతుంది. ఆ లావు భాగాలన్నీ ఒక చోట చేరితే కుంచెకు పొట్ట ఏర్పడుతుంది, కొసలన్నీ ఒక చోట చేరితే మొన ఏర్పడుతుంది. అందుకే మంచి కుంచెలు కట్టేవారు వెంట్రుకలను కొస కిందికి వచ్చేలా చిన్న లోహపు గిన్నెలో నిలబెట్టి, తట్టి తట్టి కొసలను ఒక మట్టానికి తెస్తారు, మొనను కత్తెరతో చెక్కరు. కత్తిరించిన మొన పొడిగా ఉన్నప్పుడు ఎంత అందంగా ఉన్నా, తడిపితే ప్రతి వెంట్రుకా మొద్దు చివరతోనే ఉంటుంది.

ఈ ఆధారంతో రెండో నంబరు కొలిన్‌స్కీ కుంచెలు మూడు తెప్పించాం. ఒకే వరుసలోవి మూడు ఎందుకంటే, చేతితో కట్టే వస్తువు కాబట్టి మంచి తయారీలో కూడా ఒకటి రెండు తేడాగా రావచ్చు. ఒక్కటే కొని అది చెడితే, తప్పు ఆ ఒక్క కుంచెదా లేక మా ఊహదా అన్నది మళ్లీ తేలదు.

పరీక్ష

దుకాణంలో ఆమె కుంచెలను ఎంచుకునే పద్ధతి ఏమిటని అడిగితే, మొన చూసి తీసుకుంటానన్నారు. కొత్త కుంచెకు రవాణాలో కొస చెడకుండా జిగురు పట్టించి ఉంటారు. ఆ జిగురులో ప్రతి కుంచెకూ సూది మొనే ఉంటుంది. కాబట్టి పొడి కుంచెను చూసి చెప్పగలిగేది చాలా తక్కువ. ఫెర్రూల్‌కు అతుకు ఉందా, పిడికి గట్టిగా బిగిసి ఉందా, పిడి తిన్నగా ఉందా, అంతే.

మూడు కుంచెలనూ గోరువెచ్చని నీటిలో వేళ్లతో మెల్లగా ఆడిస్తూ జిగురంతా పోయేదాకా కడిగాం. తర్వాత నీటిలో ముంచి, మణికట్టు మీద ఒక్కసారి విదిలించాం. మంచి కుంచె ఆ ఒక్క విదిలింపుతో తనంతట తానే మొనగా చేరాలి, వేళ్లతోనో పెదవులతోనో సరిచేయవలసిన అవసరం రాకూడదు. మొదటి కుంచె చేరింది. రెండోది చేరింది కానీ ఒక వెంట్రుక పక్కకు నిక్కింది. మూడోది చేరలేదు. మళ్లీ ముంచి మూడుసార్లు చూసినా దాని మొన రెండు పాయలుగానే నిలిచింది.

కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి, వేళ్ల మధ్య పిడిని నెమ్మదిగా తిప్పుతూ చూడటం తర్వాతి పని. ఒక వైపు నుంచి మొన ఉన్నట్లు కనిపించే కుంచె, పావు వంతు తిప్పితే ఉలిలా చదునుగా కనిపించవచ్చు. మూడోది సరిగ్గా అలాంటిదే. రెండో కుంచెలో నిక్కిన వెంట్రుకను ఆమె కత్తెరతో కొసన కత్తిరించబోతే ఆపాను. కొసన కత్తిరిస్తే మొద్దుబారిన ఆ ముక్క కుచ్చులోనే ఉండిపోయి గీతను గీకుతూ ఉంటుంది. భూతద్దం కింద ఆ ఒక్కదాన్ని వేరుచేసి, ఫెర్రూల్ దగ్గర మొదట్లో బ్లేడుతో తీసేశాం. తీసిన వెంట్రుకను అగ్గిపుల్ల మంటకు చూపిస్తే వెంట్రుక కాలిన వాసన వచ్చి నలిగే బూడిద అయింది. నైలాన్ అయితే కరిగి గట్టి పూసగా ముడుచుకుంటుంది.

బిగువు చూడటానికి తడి మొనను బొటనవేలి గోరు మీద కొద్దిగా వంచి వదిలాం. వెంటనే తిన్నగా లేస్తే బిగువున్నట్టు. వంగినచోటే ఉండిపోతే ఈమె చేతికి పనికి రాదు. రెండు కుంచెలూ లేచాయి.

అన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇచ్చింది చివరి పరీక్ష. ఆమె వాడే వస్లీ మీదే, ఆమె కలిపిన గువాష్‌తోనే, ఆమె బల్ల దగ్గరే, ఫ్యాను వేసి ఉంచి, ఒక్కసారి ముంచి పళ్లెం అంచున ఒత్తి, ఒకే వేగంతో గీత గీయించాను. మూడు సున్నాల కుంచె మునుపటిలాగే రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగింది. రెండో నంబరు కుంచెలు కాగితం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెళ్లి, ఇంకా రంగు మిగుల్చుకున్నాయి. వెడల్పును భూతద్దం కింద సరిపోలిస్తే తేడా కనిపించలేదు. పెద్ద కుంచె గీతే, బొట్టు లేని మొదలుతో, ఇంకా శుభ్రంగా ఉంది. ఆ తర్వాత ముత్యాలు పెట్టించాను. ఒక్క ముంపుతో వరుసగా పెట్టిన ఇరవై చుక్కల్లో మొదటిదీ చివరిదీ ఒకే కొలతలో వచ్చాయి. ఆమె ఆ ముక్కను చించి తన డబ్బా మూతలో అతికించుకున్నారు.

చేరని మూడో కుంచెను దుకాణం మార్చి ఇవ్వలేదు, తడిపిన కుంచెను వెనక్కు తీసుకునేది లేదన్నారు. తడపకుండా కుంచెను పరీక్షించడం కుదరదు, తడిపితే తిరిగి ఇవ్వడం కుదరదు. ఇది కొనేవారందరూ పడుతున్న ఇబ్బందే, దీనికి నా దగ్గర పరిష్కారం లేదు. ఆ కుంచెను రంగులు కలపడానికి కేటాయించాం.

మళ్లీ మొదలైన చీలిక

కేసు ఇక్కడితో ముగిసిందనుకున్నాను. ఐదు వారాల తర్వాత, ఆరో చిత్రంలో ఉండగా, రెండు మంచి కుంచెల్లో ఒకటి చీలడం మొదలైందని ఫోన్ వచ్చింది.

ఈసారి అడిగిన మొదటి ప్రశ్న, చీలిక ఎప్పటి నుంచి అని. పుట్టుకతో చెడ్డ కుంచె మొదటి తడిలోనే బయటపడుతుంది. వారాల తరబడి బాగా పనిచేసి తర్వాత చీలే కుంచెకు లోపం తయారీలో కాదు, వాడకంలోనో కడగడంలోనో ఉంటుంది. కుంచె తెప్పించి చూస్తే కొసలు ఇంకా సన్నగానే ఉన్నాయి, అరగలేదు. కానీ ఫెర్రూల్‌ను ఆనుకున్న మొదలు భాగం ఉబ్బి, గోరుతో నొక్కితే గట్టిగా తగిలింది. అక్కడ ఏదైనా గడ్డకడితే వెంట్రుకలు పక్కలకు నెట్టబడతాయి, అప్పుడు మొన దగ్గర అవి కలుసుకోలేవు.

రంగు ఎండి గడ్డకట్టిందేమో అనుకున్నాను. గువాష్ అయితే గోరువెచ్చని నీటిలో నానితే కరుగుతుంది. అరగంట నానబెట్టినా నీటికి రంగు రాలేదు. వెంట్రుకలను సూదితో విడదీస్తే మొదట్లో తెల్లగా, మైనంలా జిడ్డుగా ఏదో అంటుకుంది. కుంచెలు దేనితో కడుగుతున్నారని అడిగాను. ఒంటి సబ్బుతో, బాత్‌రూమ్ కుళాయి కింద అన్నారు. ఆ కుళాయికి వచ్చేది బోరు నీరు. బకెట్ల అంచున, కుళాయి చుట్టూ తెల్లటి పొర కట్టే ఇల్లు అది.

అంతటితో ముడి విడిపోయింది. కఠినజలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారతాయి. బట్టలు ఉతికేటప్పుడు బకెట్‌లో తేలే ఆ తెట్టే ఇక్కడ కుంచె మొదట్లో పేరుకుంది. నైలాన్ కుంచెలకూ ఇదే జరిగి ఉండవచ్చు, కానీ వాటి కొసలు వంగిన లోపం ఎదురుగా కనిపించడంతో నేను అంతకంటే లోతుగా చూడలేదు. ఒక కారణం దొరగ్గానే రెండోదాని కోసం వెతకడం మానేశాను.

నిమ్మరసం కలిపిన నీటిలో కుచ్చును కొద్ది నిమిషాలు ఉంచాం. ఆమ్లం తగిలితే తెట్టులోని కాల్షియం విడిపోతుంది, మిగిలిన జిడ్డును షాంపూ తీస్తుంది. షాంపూ సబ్బు కాదు, కఠినజలంతో తెట్టు కట్టదు. లోహానికి ఆమ్లం ఎక్కువసేపు తగలకూడదు కనుక కుచ్చు మాత్రమే మునిగేలా పట్టుకుని, వెంటనే ఫిల్టర్ నీటితో కడిగాం. మూడుసార్లు ఇలా చేశాక మొదలు మెత్తబడింది, విదిలిస్తే మొన చేరింది. మునుపటిలా పూర్తిగా కాకపోయినా ముత్యాలకు, అంచులకు పనికి వచ్చింది. గడ్డం వెంట్రుకల వంటి చివరి పనికి ఆమె రెండో కుంచెనే ఉంచుకున్నారు. పాత కుంచెకూ అదే చేసి చూశాం, కానీ కొసలు అరిగిపోయిన కుంచెను ఏ కడుగుడూ బాగుచేయలేదు.

అప్పటి నుంచి ఆమె పద్ధతి మారింది. రంగు కలపడానికి వేరే కుంచె, గీయడానికి వేరే కుంచె. మంచి కుంచెను రంగులో ఎప్పుడూ మొదలుదాకా ముంచరు, కుచ్చులో సగం వరకే ముంచుతారు. పని అయ్యాక తాగే నీటితో కడిగి, వారానికి ఒకసారి చుక్క షాంపూ వేసి, మొన సరిచేసి పడుకోబెట్టి ఆరనిస్తారు. తడి కుంచెను నిలబెడితే నీరు ఫెర్రూల్‌లోకి దిగి పిడి చెక్క ఉబ్బుతుంది, పాత కుంచె పిడి రంగు ఊడింది అలాగేనేమో.

నా పనిలోనూ రెండు మార్పులు వచ్చాయి. కుంచెల గురించి ఎవరు అడిగినా, వాళ్లకు గతంలో బాగా నచ్చిన కుంచె ఒకటి తీసుకురమ్మంటున్నాను, అది ఎంత అరిగిపోయినా సరే, మొదట దాని ఫెర్రూల్ కొలుస్తాను. ఇంట్లో ఏ నీళ్లు వస్తాయని కూడా అడుగుతున్నాను. వేరే ఊరి నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఈ రెండో ప్రశ్న విని, కుంచెల గురించి వస్తే బోరు సంగతి ఎందుకని నవ్వాడు. అతని కుంచె మొదట్లో కూడా అదే తెల్లటి తెట్టు కనిపించింది.

తొమ్మిది చిత్రాలూ పూర్తయ్యాయి. ఆగిపోయిన మూడో చిత్రాన్ని మాత్రం ఆమె సరిచేయలేదు. చీలిన జామా గీతలతోనే దాన్ని తన దగ్గర ఉంచుకుని, దాని స్థానంలో మరొకటి వేసి ఇచ్చారు.